పావులూరి మల్లనకి 64 బిట్ల కంప్యూటరు తెలియదు, తెలియక్కర్లేదు

మళ్ళీ వచ్చింది. ఏడాదికి రెండు మూడు సార్లు వస్తూనే ఉంటుంది. ఉగాదికోసారి, మాతృభాషా దినోత్సవానికోసారి, జనాలకి ఏమీ తోచనప్పుడు ఇంకోసారి. "వెయ్యేళ్ళ క్రితమే 64 బిట్ల కంప్యూటరులో పట్టే అతి పెద్ద సంఖ్యని పద్యంలో చెప్పేసిన తెలుగువాడు! తెలుగువాడివైతే పదిమందికి పంపు!" అని. కింద ఒక చంపకమాల, దాని కింద పొడుగాటి సంఖ్య, చివర్లో జెండాలు, దండాలు.

ఈసారి మా కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. గ్రూపులో అందరం ఇంజనీర్లమే. హైదరాబాదు, బెంగుళూరు, డల్లాస్, ఎక్కడున్నా పొద్దున లేస్తే సంఖ్యలతోనే మన బతుకు. ఆ మెసేజీలో ఉన్న సంఖ్యలో అంకెలు లెక్కపెట్టి చూద్దును కదా, పంతొమ్మిదే ఉన్నాయి. ఉండాల్సింది ఇరవై. చేతులు మారీ మారీ ఎక్కడో ఒక అంకె జారిపోయింది. అప్పటికే ముప్ఫై నలభై చప్పట్లు పడ్డాయి. ఒక్కరంటే ఒక్కరు లెక్కపెట్టలేదు.

ఇది సగం కథే. మా గ్రూపులో ఒక హేతువాది ఉన్నాడు. ప్రతి గ్రూపుకీ ఒకడుంటాడు లెండి. అతగాడు స్ప్రెడ్‌షీట్ తెరిచి రెండుని అరవై నాలుగో ఘాతానికి ఎత్తి, ఒకటి తీసేసి, వచ్చిన సమాధానం ఫొటో తీసి పెట్టాడు: 18446744073709600000. "ఎవరో అసలు పద్యం వెతికి పెట్టండి. నేను చూశా, అందులో ఉన్నది 18446744073709551615. అంటే మీ మల్లన 48,385 తక్కువ చెప్పాడు. పద్యాలు రాసేవాళ్ళు లెక్కలు చేస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు. అక్కడితో యుద్ధం మొదలు. మెకాలే వచ్చాడు, నలంద వచ్చింది, ఎవరి కులం ఎవరికి గుర్తొచ్చిందో వాళ్ళు దాన్ని తెచ్చారు. రాత్రి రెండింటి దాకా నడిచింది. అన్ని మెసేజీల్లోనూ ఒక్క గుణకారం లేదు.

హేతువాదిగారి స్ప్రెడ్‌షీట్ పదిహేను అంకెల వరకే పట్టించుకుంటుంది. ఆ తరవాతవి సున్నాలు పెట్టి చేతులు దులుపుకుంటుంది. కాబట్టి తప్పిన 48,385 యంత్రానిది, మల్లనది కాదు. అయినా అంత దూరం పోనక్కర్లేదు. రెండుని ఎన్నిసార్లు రెట్టించినా చివర 2, 4, 8, 6 తప్ప ఇంకోటి రాదు. ఒకటి తీసేస్తే చివర సున్నా వచ్చే ప్రసక్తే లేదు. ఐదో తరగతి పిల్లాడికి దొరికే తప్పు అది. బీటెక్ చదివి పదేళ్ళు కోడు రాసినవాడికి దొరకలేదు.

నా గొడవ ఈ ఇద్దరితోనూ. దండం పెట్టినవాడూ సంఖ్యని చూడలేదు, వెక్కిరించినవాడూ చూడలేదు. ఒకడికి అది విగ్రహం, ఇంకొకడికి అది రాయి.

సరే, మల్లన సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. పావులూరి మల్లన తెలుగులో మొదటి గణిత గ్రంథం రాసినవాడు. కాలం 11వ శతాబ్దం, రాజరాజ నరేంద్రుడి నాటివాడని ఎక్కువమంది మాట. కాదు, ఇంకో తరమో రెండు తరాలో తరవాత అనేవాళ్ళూ ఉన్నారు. ఆయన పుస్తకానికి మూలం మహావీరాచార్యుడి గణిత సార సంగ్రహం. మహావీరుడు 9వ శతాబ్దపు జైన పండితుడు, రాష్ట్రకూట అమోఘవర్షుడి రోజుల్లో కన్నడ దేశంలో ఉన్నవాడు. అంటే నన్నయ గారు భారతం తెలుగు చేసిన రోజులకి కాస్త అటూ ఇటూగా, ఇంకొకాయన కూర్చుని లెక్కల పుస్తకం తెలుగు చేశాడు. మనం బళ్ళో మొదటాయన గురించి చదువుకున్నాం, రెండో ఆయన పేరు వాట్సాప్ వస్తే గానీ తెలియలేదు.

ఆ చంపకమాలలో ఉన్న లెక్క మీకు తెలిసిందే. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా అరవై నాలుగు గడులకీ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? జవాబు 18446744073709551615. మన పలుకుబడిలో ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, పైన చిల్లర. దాన్ని మల్లన అంకెల్లో చెప్పలేదు, మాటల్లో చెప్పాడు. చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, కొండలు 7, ఏనుగులు 8, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమ వైపుకి చదువుకుంటూ పోవాలి. మన భాషలో చెప్పాలంటే లిటిల్ ఎండియన్. (ఇప్పుడిది కూడా ఫార్వర్డవుతుంది చూడండి, "ఇంటెల్ కంటే ముందే మన మల్లన" అని. ఖర్మ.)

పద్యంలో పెట్టడంలో ఒక తెలివుంది, దాని హద్దు కూడా తెలుసుకోవాలి. ఒక మాట ఎగిరిపోతే గణం తప్పుతుంది, నోటికి వెంటనే తగులుతుంది. అదే వట్టి అంకెలైతే మా గ్రూపులో జరిగినట్టు ఒకటి జారిపోయినా ఎవడికీ పట్టదు. "చూశావా, వెయ్యేళ్ళ నాటి చెక్‌సమ్" అని ఎగరకండి. వేద అన్న చోట బాణ అని ఎవరైనా రాశారనుకోండి, రెండూ ఒక గురువు, ఒక లఘువు. యతిప్రాసల చోటైతే తప్ప ఛందస్సు కిక్కురుమనదు, 4 కాస్తా 5 అయి కూర్చుంటుంది. దానికి మందు వేరే ఉంది, తొమ్మిదులు తీసేసే పద్ధతి. ఈ ఇరవై అంకెలూ కూడండి, 87 వస్తుంది. మళ్ళీ కూడితే 15, మళ్ళీ కూడితే 6. ఇటు పక్క రెండుని ఆరుసార్లు హెచ్చిస్తే 64, తొమ్మిదితో భాగిస్తే శేషం ఒకటి. అరవై నాలుగులో ఆర్లు పది పోగా నాలుగు మిగులుతుంది కాబట్టి రెండు నాలుగో ఘాతం, అంటే 16, దానికి శేషం 7, అందులోంచి ఒకటి తీస్తే 6. సరిపోయింది. మా గ్రూపులోకొచ్చిన పంతొమ్మిది అంకెలకి 5 వచ్చింది. ఒక్క నిమిషం పని ఇది. కాగితం కూడా అక్కర్లేదు.

ఇక 64 బిట్ల జోస్యం. బల్లకి అరవై నాలుగు గడులు ఎందుకున్నాయి? ఎనిమిదెనిమిదులు కాబట్టి. మన కంప్యూటర్లకి 64 బిట్లు ఎందుకున్నాయి? 1964లో ఐబీఎం వాళ్ళు సిస్టమ్ 360 తెచ్చినప్పుడు ఎనిమిది బిట్ల బైటు స్థిరపడింది, తరవాత చిప్పులు 8, 16, 32, 64 అని రెట్టించుకుంటూ పోయాయి కాబట్టి. అదే 1964లో వచ్చిన సీడీసీ 6600కి పదం 60 బిట్లు. పీడీపీ-10కి 36 బిట్లు. ఆ దారే నిలబడుంటే ఇవాళ మన ప్రాసెసర్లో పట్టే పెద్ద సంఖ్య వేరే, ఈ ఫార్వర్డు ఉండేదే కాదు. అప్పుడు మల్లన గొప్పతనం తగ్గిపోయేదా? ఒక అమెరికా కంపెనీ బైటుకి ఎన్ని బిట్లు పెట్టిందన్న దాని మీద మన 11వ శతాబ్దపు పండితుడి పరువు ఆధారపడుంటే, అది పొగడ్త ఎలా అవుతుంది స్వామీ?

పైగా ఈ లెక్క చేసింది మల్లన ఒక్కడే కాదు. సుమారు 1000వ సంవత్సరంలో అల్ బిరూనీ ప్రాచీన జాతుల కాలగణన మీద రాసిన పుస్తకంలో ఇదే చదరంగం లెక్క చేసి చూపించాడు. ఒక వర్గం, దాని వర్గం, మళ్ళీ దాని వర్గం, ఇలా ఎక్కుకుంటూ పోయాడు. ఈ కథ అరబ్బు, పారశీక దేశాలన్నిటా తిరిగింది. "మొదట మనమే" అన్న మాట ఇక్కడ నిలబడదు. నిలబడక్కర్లేదు కూడా.

నిజంగా రొమ్ము విరుచుకోవాలంటే విరుచుకోవడానికి వేరే ఉంది, ఫార్వర్డులో అది లేదు. ఇంటర్వ్యూల్లో మనందర్నీ అడిగిన ప్రశ్న గుర్తుందా? "పవర్ ఫంక్షన్ రాయండి. ఎన్ సార్లు గుణించకూడదు, లాగ్ ఎన్‌లో కావాలి." మనం రాత్రంతా బట్టీ పట్టి వెళ్ళి, అప్పుడే తట్టినట్టు మొహం పెట్టి బోర్డు మీద రాసిన జవాబు, ఘాతం సరిసంఖ్యయితే సగం చేసి వర్గం కట్టు, బేసయితే ఒకటి తీసి గుణించు. అది పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. ఎన్ని అక్షరాలకి ఎన్ని గురులఘువుల వరసలు పుడతాయో లెక్కపెట్టడానికి పెట్టుకున్న పద్ధతి. మహావీరుడు గుణశ్రేఢి లెక్కల్లో అదే వాడాడు. మల్లన చేతిలో ఉన్న మూలగ్రంథం అది. 64ని సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1. ఆరు మెట్లు. కాబట్టి అరవై మూడు సార్లు రెట్టించక్కర్లేదు, ఆరు వర్గాలు చాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆ తరవాత మన సంఖ్య కంటే ఒకటి ఎక్కువ. మల్లన ఏ దారిన వెళ్ళాడో ఎవరం చూడలేదు గానీ, ఆరు మెట్ల దారి ఆయన ముందున్న పుస్తకంలోనే ఉంది. ఏ సంఖ్యకైనా పనికొచ్చే పద్ధతిని వదిలేసి, దాంతో వచ్చిన ఒక్క సంఖ్యకి హారతి పట్టడం, వంట వదిలేసి విస్తరికి దండం పెట్టడం లాంటిది.

ఇంతా చేసి ఈ సంఖ్య మన డేటాబేసుల్లో రోజూ తిరుగుతూనే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళకి తెలుస్తుంది. ఫలానా వరస దగ్గర నుంచి చివరిదాకా అన్నీ కావాలంటే లిమిట్‌లో రెండో సంఖ్యగా ఏదో ఒక పెద్ద సంఖ్య పెట్టుకోమని వాళ్ళ మాన్యువల్లోనే ఉంది. ఉదాహరణగా ఇచ్చింది మల్లన సంఖ్యే, ఇరవై అంకెలూ పొల్లుపోకుండా. దాన్ని కాపీ కొట్టి ప్రొడక్షన్లో పెట్టినవాళ్ళు ఈ రాత చదివేవాళ్ళలో కనీసం పదిమంది ఉంటారు. అది ఎక్కడిది, ఎందుకంతే అని అడిగినవాళ్ళు ఎందరు? జావాస్క్రిప్టులో మామూలు సంఖ్యగా ఇదే కొట్టి చూడండి, 18446744073709552000 అని తిరిగిస్తుంది. రెండుని 53వ ఘాతం దాటించాక అది పూర్ణసంఖ్యలన్నిటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోలేదు. 2010లో ట్విట్టర్ వాళ్ళ ట్వీట్ల నంబర్లు అంత పెద్దవి కాబోతుంటే, అదే నంబరుని అక్షరాల రూపంలో కూడా పక్కన పంపాల్సి వచ్చింది, లేకపోతే బ్రౌజర్లలో చివరి అంకెలు చెదిరిపోతాయని. వెనకటికి మల్లన అంకెల్ని మాటలుగా పంపాడు. కారణాలు వేరు, కానీ ఆయన పంపినవి చెదరలేదు.

అసలు రుచి మాత్రం ఈ సంఖ్యని విప్పి చూసినప్పుడే ఉంటుంది. హైస్కూల్లో నేర్చుకున్న సూత్రం ఒక్కటి చాలు, రెండు వర్గాల భేదం అంటే మొత్తం ఇంటూ భేదం. రెండు 64వ ఘాతం మైనస్ ఒకటి అంటే, (రెండు 32వ ఘాతం ప్లస్ ఒకటి) ఇంటూ (రెండు 32వ ఘాతం మైనస్ ఒకటి). రెండో ముక్కని మళ్ళీ అలాగే విడగొట్టొచ్చు. దాన్ని మళ్ళీ. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోతే చేతిలో మిగిలేవి 3, 5, 17, 257, 65537, 4294967297. వీటిని గుణిస్తే మల్లన సంఖ్య. చూశారా, చివర ఐదు ఎందుకొచ్చిందో, అంకెల మొత్తం 87 మూడుతో ఎందుకు పోయిందో దీంట్లోనే ఉంది.

ఈ ఆరు సంఖ్యలూ ఫెర్మా గారివి. 1640 ప్రాంతంలో ఆయన ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోదాని దగ్గర బోల్తా. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి పారేశాడు. 641 ఎలా తగిలిందో తరవాత వాళ్ళు రెండు ముక్కల్లో చూపించారు. 641 అంటే 640 కి ఒకటి ఎక్కువ, 640 అంటే ఐదు నూటఇరవై ఎనిమిదులు, అంటే ఐదు ఇంటూ రెండు ఏడో ఘాతం. అదే 641ని ఇంకోలా చూస్తే 625 ప్లస్ 16, అంటే ఐదు నాలుగో ఘాతం ప్లస్ రెండు నాలుగో ఘాతం. ఇప్పుడు 641తో భాగించి శేషాలు మాత్రమే చూద్దాం. 640 బదులు మైనస్ ఒకటి వేసుకోవచ్చు. నాలుగో ఘాతానికి ఎత్తితే, ఐదు నాలుగో ఘాతం ఇంటూ రెండు ఇరవై ఎనిమిదో ఘాతం, ఒకటితో సమానం. ఐదు నాలుగో ఘాతం బదులు మైనస్ రెండు నాలుగో ఘాతం వేయండి. మైనస్ రెండు 32వ ఘాతం, ఒకటితో సమానం. అంటే రెండు 32వ ఘాతానికి ఒకటి కలిపితే 641తో నిశ్శేషంగా పోతుంది. అయిపోయింది. రెండో భాగం 6700417, అదీ ప్రధాన సంఖ్యే.

కాబట్టి 18446744073709551615 అంటే 3, 5, 17, 257, 641, 65537, 6700417, ఈ ఏడింటి లబ్ధం. ఏదీ రెండోసారి రాలేదు. ఏడూ వేర్వేరు కాబట్టి ఒక్కోదాన్ని వేసుకోవడమా మానడమా అని రెండేసి దారులు, మొత్తం భాజకాలు రెండు ఏడో ఘాతం, 128. రెట్టింపులతో పుట్టిన సంఖ్యకి భాజకాల లెక్క కూడా రెట్టింపుల్లోనే రావడం నాకైతే భలే నచ్చుతుంది. పనేం లేదు దీంతో. ఊరికే నచ్చుతుంది.

మొన్న జనవరిలో చిలమత్తూరు వెళ్ళినప్పుడు ఇదంతా ఒక పూట పరీక్షకి పెట్టాను. మా ఊరు తెలియనివాళ్ళకి, బెంగుళూరు హైవేలో కొడికొండ చెక్‌పోస్టు ఉంది చూశారా, అది మా మండలంలోదే. ఇటు పక్క లేపాక్షి. ఆ మాట వస్తే ఇంకోటి కూడా చెప్పాలి. 2000ల చివర్లో మా చిలమత్తూరు, పక్కన గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు తీసి లేపాక్షి నాలెడ్జ్ హబ్ అన్నారు. విజ్ఞానం వచ్చిపడుతుందన్నారు. కేసులు వచ్చాయి. హబ్ రాలేదు. చెనిక్కాయ పండే భూమి కంప చెట్లకి పోయింది. విజ్ఞానాన్ని ఎకరాల్లో కొలిచినవాళ్ళకీ, పద్యాన్ని బిట్లలో కొలిచేవాళ్ళకీ నాకు పెద్ద తేడా కనబడదు.

బళ్ళో లెక్కల సారు నాకు తెలిసినాయనే. "ఐటీలో ఉండావు కదా నాయనా, వచ్చి పిల్లోళ్ళకి రెండు మాటలు చెప్పు" అన్నాడు. ఆయన ఉద్దేశం ప్యాకేజీలు, కష్టపడి చదవడం, ఆ తంతు. నేను బోర్డు మీద ఇరవై అంకెలు రాశాను. ఎవరిదో, ఎప్పటిదో చెప్పలేదు. చదరంగం బల్ల, గడికి రెట్టింపు రాగులు అని మాత్రం చెప్పాను. ముందు కాసేపు నిశ్శబ్దం. తరవాత తొమ్మిదో తరగతి పాప ఒకతి లేచి, "లాస్టులో ఐదే ఏంటికొచ్చింది సార్?" అంది.

మా గ్రూపులో రాత్రి రెండింటి దాకా పుట్టని ప్రశ్న ఇదే. దానికి జవాబు బోర్డు మీద వాళ్ళే లాగారు, 2, 4, 8, 6 అని తిప్పుకుంటూ. అక్కడ నుంచి "ఎంత పెద్దది సార్" దగ్గరకొచ్చాం. రాగి గింజ రెండున్నర మిల్లీగ్రాములనుకున్నాం. మొత్తం సుమారు 4,600 కోట్ల టన్నులు తేలింది. దేశమంతా కలిపి ఏడాదికి ఇరవై లక్షల టన్నులు పండిస్తుందని దండిగానే వేసుకున్నా, 23 వేల ఏళ్ళు పండించాలి. "అన్నేండ్లు వానలు పడల్ల కదా సార్" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు. అందరూ నవ్వారు. కరువు సీమ పిల్లలు, వాన లేని లెక్క వాళ్ళకి లెక్క కాదు.

ఆ మాట మీద వాన లెక్కే వేశాం. 2022లో రెండు ముక్కలు కాకముందు అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు. ఏడాదికి సగటు వాన 552 మిల్లీమీటర్లు. గుణిస్తే 1,056 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 373 టీఎంసీలు. హంద్రీ-నీవాకి శ్రీశైలం నుంచి రాసిచ్చిన నీళ్ళు 40 టీఎంసీలు, గుర్తుపెట్టుకోండి. ఒక్కో చినుకు రెండు మిల్లీమీటర్ల వ్యాసమనుకుంటే, ఏడాదికి పడే చినుకులు దాదాపు 25 వేల కోట్ల కోట్లు. అలా ఏడేళ్ళ మూడు నాలుగు నెలలు పడితే మల్లన సంఖ్య నిండుతుంది. నేను కూడా రెండుసార్లు సరిచూసుకున్నాను, నమ్మబుద్ధి కాక. రాగులు 23 వేల ఏళ్ళు పట్టే చోట, దేశంలోనే కరువుకి పేరుపడ్డ జిల్లా మీద చినుకులు ఏడేళ్ళలో ఆ లెక్క దాటేస్తాయి. మన దగ్గర వాన లేదనుకుంటాం గానీ, పడింది ఎటు పోతోందన్నది కదా అసలు ప్రశ్న. అది ఆ పిల్లలే అన్నారు, చెరువు కట్ట ఎప్పుడు తెగిందో కూడా చెప్పారు.

ఇదంతా విని మా హేతువాది, మా దేశభక్తుడు ఇద్దరూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. "పల్లెటూరి పిల్లలకి ఇవన్నీ ఎందుకురా, పనికొచ్చేది ఏదైనా చెప్పు. పైథాన్ చెప్పు, కోడింగ్ చెప్పు" అని. బాగుంది. ఆ రోజు సాయంత్రం బడి వదిలాక కూడా ఏడుగురు పిల్లలు ఉండిపోయారు. 4294967296 ని దాంతోనే గుణించాలి, చేత్తో. సారు వాళ్ళని రెండు జట్లు చేశాడు. సంఖ్యని 42949, 67296 అని రెండుగా విరగ్గొట్టుకుని, ముక్కలు ముక్కలుగా గుణించి, స్థానాలు జరిపి కూడారు. మొదటిసారి రెండు జట్ల జవాబులూ కలవలేదు. తొమ్మిదులు తీసేసి చూస్తే ఒక జట్టుది తేలిపోయింది. ఏ వరసలో తప్పిందో వెతుక్కోవడానికి ప్రతి వరసకీ విడిగా తొమ్మిదులు తీశారు, ఎవరూ చెప్పకుండానే. మూడో వరసలో దొరికింది. దిద్దారు. ఇరవై అంకెలూ వచ్చాయి, చివర 616. ఒకటి తీసేశారు.

పనిని ముక్కలు చేసి, కలిపి, రెండు చోట్ల నడిపి సరిచూసి, తప్పున్న వరసని పట్టుకుని దిద్దడాన్ని మీ ఆఫీసులో ఏమంటారో మరి, నాకైతే తెలియదు :)

వెళ్తూ వెళ్తూ ఆ తొమ్మిదో తరగతి పాపే అడిగింది, ఒకటి తీస్తే ఇన్ని ముక్కలయింది కదా, ఒకటి కలిపితే ఏమవుతుందని. మల్లన సంఖ్యకి రెండు ఎక్కువన్నమాట, 18446744073709551617. అది ఫెర్మా వరసలో ఏడోది. ఆయిలర్ ఆరోదాన్ని విరగ్గొట్టాక కూడా చాలాకాలం లొంగలేదు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన, ఎనభై ఏళ్ళు దాటిన ముసలాయన, కాగితాల మీద చేసి చేసి విరగ్గొట్టాడు. చిన్న ముక్క 274177. పెద్ద ముక్క ఎంతో చెప్పకుండా వచ్చాను. ఆ భాగహారం ఇప్పుడు వాళ్ళ దగ్గరుంది.